రెండో మెరుపు

ముందు గొంతు వినిపిస్తుంది. పిట్ట తర్వాతే కనిపిస్తుంది.

ఉత్తరాన, మంచుకు పైన ఎక్కడో... కర్ర్... కర్ర్... ఆకాశంలో ఎవరో కందెన లేని బండి తోలుకొస్తున్నట్టు.

బెగ్గురు కొంగలు.

బూడిదరంగు ఒళ్లు. నల్లటి మెడ. కంటి వెనక తెల్లటి ఈకల కుచ్చు. కార్తీకంలో వస్తాయి, శివరాత్రికి వెళ్లిపోతాయి. పొన్నై దాటాక ఉన్న ఆ చెరువుకు వాటికి దారి చూపింది ఎవరో ఎవరికీ తెలియదు.

ఆ చెరువు పక్క ఊళ్లో వాటిని కొంగలు అనరు. ఆడబిడ్డలు అంటారు. పుట్టింటికి వచ్చాయంటారు. వేరుశనగ పీకేటప్పుడు చెరువు పక్క సాళ్లు పీకకుండా వదిలేస్తారు — అది ఆడబిడ్డల వంతు. అవి ఉన్నన్నాళ్లూ తప్పెట మోగదు. టపాకాయ పేలదు. పెళ్లి ఊరేగింపు కూడా చెరువు దగ్గరికొచ్చేసరికి పిల్లిలా నడుస్తుంది.

జయరాములుకు ఇదంతా తెలుసు. అతను ఆ ఊరి అల్లుడు.

వేలూరు కాలేజీలో చదువుకున్నాడు. గుడియాత్తంలో ఫోటో స్టూడియో పెట్టాడు. భార్య పంకజం ఒక్కటే అడిగేది — "ఊరందరికీ పటాలు తీస్తావు. మా ఆడబిడ్డల్ని ఒకతూరి తియ్యి బావా."

తీద్దాంలే అనేవాడు.

పోయిన ఏడాది ఆమె పోయింది.

ఈ ఏడాది అతను వచ్చాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. చెరువుకు ఈ ఒడ్డున తెలుగువాళ్లు, ఆ ఒడ్డున తమిళులు. నిన్నటిదాకా ఒకే నీళ్లు, ఒకే బురద. ఇప్పుడు హద్దు ఎక్కడ అనే మాట. పొన్నై సంతలో తలలు పగిలాయి. ఆ ఒడ్డువాడు ఎవడో అన్నాడట — "మీ ఆడబిడ్డల్ని కాల్చి కొళంబు వండుకుంటాం, పోండా."

ఆ మాట ఈ ఒడ్డున ఆరని నిప్పయింది.

తెల్లవారుతోంది. మంచు. తుంగలో కెమెరా, నల్లగుడ్డ కింద జయరాములు. అద్దంలో తలకిందులుగా కొంగలు — ఒంటికాలి మీద, తలలు రెక్కల్లో దూర్చుకుని.

వెలుగు చాలదు.

పెళ్లిళ్లలో వెలుగు చాలనప్పుడు చేసేదే చేశాడు. రేకు పళ్లెంలో మెగ్నీషియం పొడి పోశాడు. మీట నొక్కాడు.

వెలుగు అనే అనుకున్నాడు. అది చప్పుడు కూడా అని — పందిట్లో ప్రతిసారీ ముసలమ్మలు గుండె పట్టుకునే చప్పుడని — అతనికి తట్టనే లేదు.

ఢాం.

చెరువు మొత్తం పైకి లేచింది.

రెక్కలు రెక్కల్ని కొట్టుకున్నాయి. మంచులో దారి తెలియక కొత్తగా వేసిన కరెంటు తీగల మీదికి వెళ్లాయి. తీగ మోగింది. మెడలు ఎండుపుల్లల్లా విరిగాయి. ఒకటి పడింది. మరొకటి... మరొకటి. నీళ్లు ఎర్రబడ్డాయి.

"కాల్చినార్రా. ఆడబిడ్డల్ని కాల్చినారు."

కర్రలతో ఊరు పరిగెత్తింది — అతని వైపు కాదు. ఆ ఒడ్డుకు.

తుంగలో అతన్ని ఎవరూ చూడలేదు. మంచు దయగా కప్పి ఉంది. వెనక్కి తిరిగితే పొన్నై బాట, అక్కణ్ణించి బస్సు. కెమెరాలో పంకజం అడిగిన పటం.

ఆ ఒడ్డున ఏలుమలై ఎద్దుల్ని కడుగుతున్నాడు. పంకజం తమ్ముడు మునుస్వామి మొదటి దెబ్బ అతని భుజం మీద వేశాడు. రెండోది నెత్తి మీద. ఈ చెరువులో కలిసి ఈత నేర్చుకున్నవాళ్లే ఇద్దరూ.

"తుపాకి యాడ పెట్టినావు రా?"

"ఎద్దుతోక తప్ప నా చేతిలో ఏముండాదప్పా? సత్యమా నాకు తెలీదు."

"ఇల్లు అంటిస్తే తెలుస్తాది."

ఎవరో గడ్డి చుట్టి ముట్టించారు.

జయరాములు పళ్లెంతో, పొడి డబ్బాతో, చంకన ఇరికించుకున్న కెమెరాతో నీళ్లకు అడ్డంపడి పరిగెత్తాడు.

"ఆపు మునుస్వామీ. నేను. నేనే చేసినా."

"పో బావా. సదువుకున్నోడివి, వీళ్లని కాపాడేదానికి అబద్ధం చెప్పబాక. నీ పెట్టె ఎప్పుడన్నా ఢామ్మనిందా?"

చూపించాలంటే ఏం చూపించాలి? కెమెరాలోని కడగని గాజుపలకలో పటం ఇంకా కనపడదు. వెలుగు తగిలితే ఉన్నదీ పోతుంది.

పైన... కర్ర్... కర్ర్...

కొంగలు తిరిగొస్తున్నాయి. చుట్లు తిరుగుతూ కిందికి, ఇంకా కిందికి. అన్నిటికన్నా ముందున్నది నీళ్లకోసం కాళ్లు చాపింది.

ఇటు గడ్డిమంట గట్టు మీది ఏలుమలై ఇంటి చూరుకు జానెడు దూరం. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

జయరాములు మిగిలిన పొడంతా పళ్లెంలో వంచాడు. పైకి చూడలేదు. చూస్తే చేయి రాదు.

నొక్కాడు.

ఢాం.

తెల్లటి వెలుగులో ముఖాలన్నీ నిలిచిపోయాయి. ఎత్తిన కర్రలు. తెరిచిన నోళ్లు. ఏలుమలై చెంప మీద నెత్తురు.

కాళ్లు చాపిన కొంగ కాళ్లు ముడుచుకుంది. గుంపంతా మళ్లింది. దక్షిణానికి... విరించిపురం వైపో, పాలారు ఇసుక వైపో.

గడ్డిమంట నేల మీద పడింది. ఎవరో తొక్కేశారు.

"బావా... నువ్వా?"

ఆ మాట మెత్తగానే ఉంది. వెంట వచ్చిన కర్ర మెత్తగా లేదు.

మోచేయి. పక్కటెముక. మళ్లీ పక్కటెముక. కెమెరా ఎవరి మడమ కిందో నలిగింది. అల్లుడని ఎవరూ ఆగలేదు — అల్లుడు గనకే ఎక్కువ కొట్టారు. అయినా తల దగ్గరికొచ్చిన ప్రతి కర్రా పక్కకు జరిగింది. నెత్తురు ఉమ్ముతూ ఆ కాస్త దయనూ అతను గమనించాడు.

తర్వాత ఒక తడి ఒళ్లు అతని మీద పడి కప్పింది. ఎద్దుల వాసన. ఏలుమలై.

"చాలప్పా మునుస్వామీ. చాలు. చచ్చిపోతాడు."

కర్ర ఆగింది.

పంకజం తల్లి అమ్మణి నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంది. చచ్చిన కొంగను పైట కింద పెట్టుకుంది. దాని మెడ ఎంత సర్దినా ఆమె భుజాన నిలవడం లేదు.

అల్లుడి వైపు చూసింది. తిట్టలేదు.

"పుట్టింట్లో ఇంత జరిగినాక... మళ్లా వస్తారా నాయనా?"

అతనికి ఊపిరి అందలేదు.

ఈ ఒడ్డువాళ్లూ ఆ ఒడ్డువాళ్లూ తలలెత్తారు. మంచులో ఏమీ కనపడలేదు. గొంతు మాత్రం ఉంది, సన్నగా, ఎక్కడో... కర్ర్...

దగ్గరవుతోందో. దూరమవుతోందో.