టైలరు కూతురు బడికి వెళ్ళలేదు

బళ్ళు మళ్ళీ తెరుస్తున్నారన్న కబురు రాగానే ఊరంతా టైలరు కొట్టు మీద పడింది. పడదా మరి? అన్నాళ్ళు ఇంట్లో కూర్చుని తిన్న పిల్లల్లో ఒక్కరికీ పాత యూనిఫాం పట్టడం లేదు. ఒకడి లాగు తొడల మీదికి ఎక్కింది, ఒకతె గుండీలు పెట్టుకుంటే ఊపిరాడడం లేదు. టైలరు మూతికి గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం ఛాతీలూ నడుములూ కొలుస్తూనే ఉన్నాడు. మొన్నటిదాకా ఈగలు తోలుకున్న మనిషికి ఇప్పుడు తల గోక్కునే తీరిక లేదు.

అతని కూతురు మాత్రం బడికి వెళ్ళకూడదని ఇంట్లో తీర్మానమైపోయింది. చేసిందీ అతనే. భార్యకు కిడ్నీ మార్చారు. ఆ మందులు వాడేవాళ్ళకు బళ్ళు మూయించిన ఈ అంటుజబ్బు సోకితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"అది బడి నుంచి ఏం మోసుకొస్తుందో ఎవరికి తెలుసు? ఈ ఏడు పోతే పోనీ," అన్నాడు.

"నా కోసం దాని చదువు ఆపకండి. నేను వెనకగదిలో తలుపేసుకుని ఉంటాను," అంది భార్య.

"ఊరుకో. నాకు నువ్వు కావాలి."

ఇంట్లో అందరూ వసపిట్ట అని పిలిచే ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. పుస్తకాలు అటకెక్కించి తల్లి పక్కనే కూర్చుంది. ఒక్కసారి మాత్రం, కొత్త యూనిఫాంలు వేసుకున్న స్నేహితురాళ్ళు పిలిస్తే గేటు దాకా పరుగెత్తి కాసేపు నవ్వుతూ మాట్లాడింది. టైలరు చూశాడు. అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"మీ అమ్మను చంపుతావా?" అన్నాడు.

అనాల్సిన మాటేనా అది? కానీ అన్నాడు. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే కొట్టు కట్టేసి, చేతులు కడుక్కుని, మూతిగుడ్డ తీసేసి, వెళ్ళి భార్య మంచం మీద కూర్చున్నాడు. స్వయంగా మాత్రలు మింగించాడు. ఇంటి ముందుగదే కొట్టు. అందులోకి రోజూ ఊళ్ళో పిల్లలంతా వచ్చి అతని మొహం మీదే దగ్గి పోతున్నారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తిండి పెట్టే పనిని ఎవరనుమానిస్తారు? అందరి కళ్ళూ పిల్ల మీదే. గొంతు గరగరలాడితే గుడ్డల దుమ్మనుకున్నాడు మహానుభావుడు.

తర్వాత భార్యకు జ్వరం వచ్చింది. ఆస్పత్రివాళ్ళు అతన్ని లోపలికి రానివ్వలేదు. తన కాళ్ళతో నడిచి లోపలికి వెళ్ళిన మనిషిని మూటగట్టి బయటికి ఇచ్చారు.

ఇంట్లో సాయానికి వచ్చిన అతని అక్క, చుట్టాలందరికీ ఫోన్లో ఒకటే చెప్పింది. "గేటు దగ్గరికి పోయిందట ఈ పిల్ల. ఆ కాసేపే కొంప ముంచింది." టైలరు పక్కనే ఉన్నాడు. భార్యకు జ్వరం రాకముందే తన గొంతు పట్టేసిన సంగతి అతనికి బాగా గుర్తుంది. నోరు మెదపలేదు. పైగా ఆ మాట వింటుంటే లోపలెక్కడో హాయిగా కూడా ఉంది. సిగ్గులేని హాయి. పిల్ల గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

అక్క వెళ్ళేరోజు బట్టలు సర్దుకుంటూ, "ఇంక దాన్ని బడికి పంపరా తమ్ముడూ. ఇప్పుడు అడ్డేముంది?" అంది. నిజమే, వద్దనడానికి అతనికి ఒక్క కారణమూ దొరకలేదు. ఆమె వెళ్ళాక కూతుర్ని పిలిచాడు.

"రేపట్నుంచి బడికెళ్ళమ్మా."

"నేను వెళ్ళను."

"ఎందుకని?"

"నావల్ల అమ్మ పోయింది. నీక్కూడా అంటిస్తే నాకెవరుంటారు?"

"నీవల్ల కాదే తల్లీ. ఒట్టు."

"మరి ఎవరివల్ల నాన్నా?"

చిన్న మాట. చెబితే పిల్ల ఆ పాపం నుంచి బయటపడుతుంది. కానీ చెప్పాక ఇది నన్ను నాన్నా అని పిలుస్తుందా అనుకున్నాడు. పెదాలు కదిలాయి గాని నోరు పెగల్లేదు. పిల్ల అతని మొహంలోకే చూస్తోంది.

"టైలరుగారూ, మా వాడి కొలతలు తీసుకుంటారా?" అని కొట్టులోంచి ఎవరో పిలిచారు.

"వస్తున్నానండీ," అన్నాడు. ఆ మాట మాత్రం ఇట్టే వచ్చింది.

నడవ ఇరుకు. ఊపిరి అతనికి తగలకుండా పిల్ల మొహం అటు తిప్పుకుని, గోడకు అతుక్కుని నిలబడి దారి ఇచ్చింది.