ఆగిన బిల్డ్

ఆ మాట లోకనాథ్ నోటితోనే అనిపించాలని ఇంద్రజ పంతం. తాను చెబితే తన ఊరు చమఖండిలో ఎవరూ నమ్మరు. పైడన్న కూతురు తండ్రిని వెనకేసుకు రాక ఇంకేం చేస్తుంది అంటారు.

లోకనాథ్‌ది బరంపురంలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అక్కడ జాలర్ల కోసం చేసిన యాప్ సముద్రం రేగే రోజున తెలుగులో గట్టిగా హెచ్చరిస్తుంది. చమఖండి జాలర్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. ఫోను పలికితే వల ముట్టరు, పలక్కపోతే పడవ దించుతారు. అదే అలవాటైపోయింది.

ఆ గొంతును తయారుచేసే టూల్ విడిగా ఉంటుంది. ముక్కలన్నీ కలిపి యాప్‌గా కట్టేటప్పుడు, అంటే బిల్డ్ చేసేటప్పుడు, అది కంప్యూటర్‌లో కనబడకపోతే వదిలేసి ముందుకు పొమ్మని లోకనాథ్ రాసిపెట్టాడు. ఒకసారి కొత్త లాప్‌టాప్ కొన్నాడు. అందులో ఆ టూల్ లేదు. బిల్డ్ కిక్కురుమనకుండా అయిపోయింది, మూగ యాప్ ఊళ్లో అందరికంటే ముందు పైడన్న ఫోనులోకి ఎక్కింది.

తుఫాను కబురు మిగతా ఫోన్లలో పలికింది, అతని ఫోనులో తెర మీద అక్షరాల్లో మాత్రమే వచ్చింది. పైడన్న పడవ దించాడు. వెంట వెళ్లిన మసేను తిరిగి రాలేదు. ఫోను పలికిందనీ, పైడన్నే పెడచెవిన పెట్టాడనీ లోకనాథ్ ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. మసేను పెళ్లాం చిట్టమ్మ పైడన్న ఎదురైతే మొహం తిప్పుకునేది. పైడన్న గడప దాటడం మానేశాడు. పెద్దమనిషి లోకనాథ్ మాత్రం ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరిగాడు.

అదే ఆఫీసులో పనిచేసే ఇంద్రజకు పాత బిల్డ్ తిరగేస్తుంటే సంగతి తెలిసింది. ఒళ్లు మండిపోయింది. ఎవరితోనూ అనలేదు. వదిలేసి పొమ్మన్న చోట, టూల్ లేకపోతే ఆగిపొమ్మని మార్చింది. మొదటి నుంచీ ఉండాల్సిన పద్ధతి అదే. కింది వాళ్లు రాసింది లోకనాథ్ చదవడని ఆమెకు తెలుసు. మళ్లీ కొత్త లాప్‌టాప్ కొన్నాడనీ తెలుసు. కాచుకుని కూర్చుంది.

కొత్త యాప్‌ను జనం ముందే కట్టి ఫోన్లలో ఎక్కిస్తానని లోకనాథ్ చమఖండి ఒడ్డున షామియానా వేయించాడు. భువనేశ్వర్ నుంచి పెద్దవాళ్లు వచ్చారు. పైడన్నను ఇంద్రజే చెయ్యి పట్టుకుని తెచ్చి వెనక వరుసలో కూర్చోబెట్టింది. పెద్ద తెర మీద బిల్డ్ మొదలైంది. గొంతు టూల్ లేదంటూ ఎర్ర అక్షరాలతో ఆగిపోయింది.

లోకనాథ్ చేతిలో మైకు ఉన్న సంగతే మరిచి పక్కనే నిలబడ్డ ఇంద్రజ మీద విరుచుకుపడ్డాడు.

“పోయినసారి ఆ గొంతు టూల్ నేకుండానే అయిపోయింది కదా. ఇప్పుడేటి ఆగిపోయింది?”

“ఏ సారి, సార్?”

“అదే, తుఫాను ముందు...” అని నాలుక్కరుచుకున్నాడు.

చిట్టమ్మ లేచి నిలబడింది.

“అయితే ఆ రోజు ఫోను పలకనేదా బాబూ?”

లోకనాథ్ మైకు బల్ల మీద పెట్టేశాడు. ఎలాగైనా గట్టెక్కించమని అతని కళ్లు ఇంద్రజను బతిమాలాయి. ఆ చూపు చూశాక ఆమె కడుపు చల్లబడింది. జాలి మాత్రం పుట్టలేదు.

“నేదు,” అని గొణిగాడు.

ఇంద్రజ మైకు తీసి మళ్లీ అతని చేతిలో పెట్టింది.

“మా అయ్య ఎనకాల కూకున్నాడు, ఇనబడనేదు. ఇంకోపాలి సెప్పండి, సార్.”