కరెంటు పోయిన చోటి నుంచి

సోమవారం నోటీసు వచ్చినప్పటి నుంచి హైటెక్ సిటీలోని మా ఆఫీసులో ఎవరూ గట్టిగా నవ్వలేదు. మేం పదకొండు మందిమి. మా సరుకు ఒక్కటే: ఇంటర్నెట్‌లో ఫారం నింపుతుండగా కరెంటు పోతే, వచ్చాక ఆగిన చోటి నుంచే నింపుకోనిచ్చే ప్రోగ్రాం. ఆ పద్ధతి తమదని, 1997లోనే పేటెంటుకు దరఖాస్తు చేశామని ఒక అమెరికా కంపెనీ రాసింది. అంతకుముందే అది లోకానికి తెలుసని శుక్రవారంలోగా రుజువు చూపాలి. లేకపోతే అమ్మకం ఆపాలి, అంటే ఆఫీసు మూసుకోవాలి.

"తొంభై ఐదులోనే నేను దీన్ని న్యూస్‌గ్రూపులో రాశాను," అన్నాను. ప్రపంచంలో ఎవరైనా చదివి జవాబివ్వగల చర్చావేదిక అది. అప్పుడు నేను గచ్చిబౌలిలో యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరులో పనిచేసేవాణ్ణి.

"మాట చెల్లదు సార్. యాడన్నా కాగితం ఉండాదా?" అన్నాడు మా యజమాని నారాయణప్ప.

పాత చర్చలు దాచే వెబ్‌సైటులో మా ప్రోగ్రామర్ తేజస్విని రెండు రోజులు వెతికింది. నా పేరుతో ఏమీ రాలేదు. సెంటరంతటికీ అప్పుడు ఒకటే అకౌంటు. దాని పేరూ, గ్రూపు పేరూ నాకు గుర్తులేవు.

"ప్రింటు తీసుకోలేదాండీ?"

"తీశానమ్మా. ఆ వెడల్పు కాగితాలన్నీ మా ఆవిడ పుణ్యవతి వంటింటి అరల్లో పరిచేసింది."

"మరి తర్వాత మార్చారా?"

ఆమె పోయి మూడేళ్లు. మార్చబుద్ధి కాలేదు.

తేజస్విని స్కూటీ మీద బోరబండలో మా ఇంటికి వెళ్లాం. గిన్నెలు తోముతున్న మా పనిమనిషి లక్ష్మమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది.

"కొత్త కాగితం ఏస్తనంటే వద్దంటిరి. ఇయ్యాల ఏంది సార్, గింత పరేషాన్?"

ముగ్గురం డబ్బాలు దించాం. కందిపప్పు కింద జీతాల పట్టిక. బెల్లం కింద చీమలు. మూడో అరలో, చింతపండు జాడీ కింద, గుండ్రటి మరక మధ్య నా వాక్యాలు! పైన గ్రూపు పేరు, సందేశం నంబరు, తేదీ: 1995 ఆగస్టు 22.

ఆఫీసుకొచ్చి తేజస్విని ఆ నంబరు కొట్టింది. అందరం ఆమె వెనక నిలబడ్డాం. నెమ్మదిగా, పై నుంచి కిందికి, నేను రాసినదంతా తెర మీదికి వచ్చింది. దాని కింద మర్నాడే ఫిన్లాండ్ నుంచి ఎవరో ఇచ్చిన జవాబు: "మా దగ్గర కరెంటు పోదు. కానీ మా చిన్నది రోజూ ప్లగ్గు పీకేస్తుంది. మీ పద్ధతి చక్కగా పనిచేస్తోంది. ధన్యవాదాలు."

"సాక్షి దొరికినాడప్పా!" అని నారాయణప్ప బల్ల మీద చరిచాడు. గురువారమే నా సందేశం, ఆ జవాబు రెండూ అమెరికా కంపెనీకి ఫాక్సులో వెళ్లాయి.

పన్నెండో రోజున మూడు లైన్ల జవాబు వచ్చింది. నోటీసు వెనక్కి తీసుకున్నారు. నారాయణప్ప మా అంతస్తులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా వచ్చి నా చెయ్యి ఊపి వెళ్లారు.

ఆ కాగితం తిరిగి ఇంటికి తెచ్చి లక్ష్మమ్మకిచ్చాను.

"అమెరికోళ్లను గెల్చిన కాగితం మీద మళ్ల చింతపండా సార్?"

"ఆ జాడీ బరువు లేకపోతే అది ఏనాడో ఎగిరిపోయేది. అక్కడే పెట్టు."

ఆమె నవ్వుతూ జాడీని మరక మీద సరిగ్గా కూర్చోబెట్టింది.