నల్లగీతకు అటువైపు

ఎండ...

దక్షిణం కిటికీలోంచి వచ్చి జంపఖానా మీద పడుకుంది. ఎర్ర చార మీద ఎండ. ఆకుపచ్చ చార మీద ఎండ.

వెంకట్రాజం గోడకు ఆనుకుని దాన్నే చూస్తున్నాడు. చూడటానికి ఇంకేమీ లేదు. వినడానికి అసలే లేదు.

ఆ జంపఖానా నేసింది తానే. సగం తాను. సగం భార్య రాజక్క. నేతగాళ్ళ కొత్తవాడలో ఒకే మగ్గం ముందు, ఒకే పీట మీద, ముప్ఫై ఏళ్ళుగా — కుడి సగం అతనిది, ఎడమ సగం ఆమెది. ఇద్దరి నూలూ కలిసే చోట, నడిమధ్యలో, ఒక నల్లగీత.

ఖాజీపేట రైల్వే కాలనీలోని ఈ చిన్న చర్చిలో ఆ నల్లగీత ఇంకో పనికొచ్చింది. ఇటు మగవాళ్ళు. అటు ఆడవాళ్ళు.

రాజక్క సగం అటు పడింది.

మరమ్మతు చేయాల్సింది ఆ సగమే.

"ఆ చివరకు ఉబ్బింది రాజమన్నా. ముసలోల్లకు కాలు తట్టుకుంటాంది," అని చర్చి కావలి ఏలియా కబురు పంపాడు. తాళం ఆదివారమే తీస్తారట. బస్సు పట్టుకుని తొమ్మిదింటికి వస్తే, "గిప్పుడే ప్రార్థన షురూ అయితాంది. జర లోపల కూసో. గంటల అయిపోతది," అన్నాడు.

ఆ గంట ఎప్పుడో అయిపోయింది.

ఏలియా చెప్పని సంగతి ఒకటుంది. ప్రార్థన మొత్తం తమిళంలో. ఇక్కడివాళ్ళంతా రైలు కొలువు మీద తమిళ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు.

లేచారు. లేచాడు.

కూర్చున్నారు. కూర్చున్నాడు.

మోకాళ్ళ మీద వంగారు — అరవై ఏళ్ళ మోకాళ్ళు — ఏలియాను లోపల్లోపల తిట్టుకుంటూ వంగాడు.

పక్కనున్నాయన దయతలచి పాటల పుస్తకం తెరిచి చేతిలో పెట్టాడు. వేలితో వరుస కూడా చూపించాడు. వెంకట్రాజానికి తెలుగే చదవరాదు. పుస్తకం పట్టుకుని పెదవులు కదిపాడు... కదిపినకొద్దీ పాట పెరిగింది. పడుగు పోయడానికైనా ఇంతసేపు పట్టదు.

ఇదెక్కడి పూజ. హారతి లేదు. తీర్థం లేదు. ఎంతవరకు వచ్చిందో, ఇంకెంత ఉందో తెలియడానికి ఒక ఆనవాలైనా లేదు.

తరువాత పాస్టరు మాట్లాడాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, ఊదాడు, ఊదాడు... బయట గూడ్సు బండి కూత వేసింది. పొద్దుటి నుంచి అతనికి అర్థమైనది అదొక్కటే.

ఎండ ఒక చార జరిగింది.

ఒళ్ళో సంచి ఉంది. సంచిలో కత్తెర, సూది, నూలు ఉండ. వాటి కింద రాజక్క పంజా — పేక నూలును కొట్టి దట్టించే ఇనుప దువ్వెన. ఆమెకు చెప్పకుండా తెచ్చాడు.

అడగడమెందుకు? ఆమెకు ఇక దానితో పని లేదు.

రేపు సోమవారం. రేపటి నుంచి పీట మీద ఆమె చోట పక్కింటి మొగిలి కోడలు సరస్వతి కూర్చుంటుంది. వాళ్ళింట్లో మాట్లాడి వచ్చాడు. తనింట్లోనే ఇంకా చెప్పలేదు.

వానాకాలంలో, ఈ జంపఖానా మగ్గం మీద ఉండగానే, రాజక్కకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ చేతి వణుకు పోలేదు. పంజా ఎత్తితే వణుకు. దించితే వణుకు. పక్కన కూర్చుని అది చూస్తుంటే అతనికి ఒళ్ళు మండిపోయేది... ఆమె మీదో, జ్వరం మీదో, దవాఖానలో ఇచ్చిన పనికిరాని గోలీల మీదో. ఆ మంటతోనే పంజా దించేవాడు.

టక్. టక్. టక్.

ఒకరోజు ఆమె వైపు వదులవుతోందని అతను విసుక్కుంటే ఆమె అంది: "నా దిక్కు వదులు లేదు. నీ చెయ్యే గట్టిగ పడ్తాంది. జర నెమ్మదిగ కొట్టు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నదట," అన్నాడు.

ఆమె తన పంజా ఎత్తింది. జంపఖానా అయ్యేదాకా ఆ ఇంట్లో రెండు పంజాల చప్పుడే.

అందరూ కళ్ళు మూసుకున్నారు. అతను మూసుకోలేదు. ఎండ నల్లగీత దగ్గరికి వచ్చింది.

ఉన్నట్టుండి పిల్లలు గుమ్మం వైపు పరుగెత్తారు. అలా తెలిసింది, అయిపోయిందని. ఏలియా పాస్టరు సంచి మోసుకుని స్టేషనుకు పోయాడు. మిగతావాళ్ళు చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

ఒక్క ముసలావిడ లేవలేదు.

సరిగ్గా ఉబ్బిన చోటే కూర్చుంది.

"జర పక్కకు జరుగు అవ్వా."

ఆమె నవ్వి ఏదో అంది. అతను గొంతు పెంచాడు. గట్టిగా చెబితే తెలుగు వస్తుందా? ఆమె ఇంకా నవ్వింది.

విసుగుతో నల్లగీత దాటాడు.

ముప్ఫై ఏళ్ళలో రాజక్క వైపు ఎన్నడూ కూర్చోలేదు. ఇప్పుడు కూలబడ్డాడు. కత్తెర తీశాడు. ఎక్కడి నుంచి విప్పాలో తెలియాలంటే వరుసలు లెక్కపెట్టాలి. బెత్తెడు కొలిచి, బొటనవేలి గోరు పెట్టాడు.

ముప్ఫై.

తప్పు లెక్కేమో. మళ్ళీ పెట్టాడు. ముప్ఫై.

జ్వరానికి ముందు నేసిన అంచు దగ్గరికి పాకాడు. అక్కడా ముప్ఫై. అక్కడ తన వైపూ ముప్ఫైయే.

తిరిగి ఉబ్బు దగ్గరికి వచ్చాడు. చేయి చాపి, గీతకు అవతల, తన సగంలో గోరు పెట్టాడు. ముప్ఫై దాటింది. ముప్ఫై నాలుగు... ముప్ఫై అయిదు... ముప్ఫై ఆరు.

గోరు ఆగిపోయింది.

ఆమె వైపు వదులు కాలేదు. తన వైపు బిగిసింది. ఒక సగం బిగిసి లాగితే ఇంకో సగం ఉబ్బుతుంది. నేత తెలిసిన ఎవరైనా చెప్తారు.

ఆమె చెప్పింది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెంటనే కోపం వచ్చింది. ఒక్కసారి చెప్పి ఊరుకోవాలా? రెండోసారి చెబితే నోరు అరిగిపోతుందా?... ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. నిలబెట్టుకోవాలని చూశాడు గానీ నిలవలేదు.

విప్పితే తన సగమే విప్పాలి. విప్పి సర్దేటప్పుడు రెండో సగాన్ని ఇంకో చేయి పట్టి ఉంచాలి. ఆ సగం సంగతి బాగా తెలిసిన చేయి. సరస్వతిది కాదు.

ముసలావిడ ఉబ్బిన చోటును అరచేత్తో అదిమింది. అది అణిగింది. చేయి తీస్తే మళ్ళీ లేచింది. అతని వైపు చూసి ఏదో పొడుగ్గా చెప్పుకొచ్చింది. విప్పమంటుందో... వద్దంటుందో.

"రేపు సోమవారం అవ్వా," అన్నాడు వెంకట్రాజం.

ఆమెకు అర్థం కాలేదు.

"సరస్వతికి రమ్మని చెప్పిన."

ఆమె తల ఊపింది. పొద్దుట అర్థం కాని పాటకు అతను పెదవులు కదిపినట్టే.

కత్తెర కింద పెట్టాడు. సంచిలోంచి రాజక్క పంజా తీసి పట్టుకున్నాడు. పిడి దగ్గర ఆమె వేళ్ళకు అరిగిన గుంటలున్నాయి. అతని వేళ్ళు వాటిలో ఇమడలేదు.

ఎండ నల్లగీత దాటి ఇటు వచ్చింది.

ఎర్ర చార మీద ఎండ. ఆకుపచ్చ చార మీద ఎండ. ఉబ్బిన చోట, కొంచెం ఎత్తుగా... ఎండ.