కొరీన్ వదులుకున్న హక్కు

తమ్ముడు ఆర్విల్ తెచ్చిన కాగితం చదివేసరికి నాడీన్‌కు ఒళ్లు మండింది.

"ఇదేంట్రా? నాన్న ఆస్తిలో నీ సగం నాకు రాసిస్తానన్నది ఇలాగా? 'నాకేమైనా హక్కుంటే వదులుకుంటున్నాను' అట! ఉందో లేదో నీకే తెలీదా?"

"హక్కు విడుదల దస్తావేజంటే అంతేనక్కా. ఒహాయోలో తోబుట్టువులందరూ ఇదే రాసుకుంటారు."

"రాసుకోనీ. నాకు పూచీ దస్తావేజు కావాలి. రేపెవడైనా వచ్చి ఈ ఇల్లు, ఈ మొక్కజొన్న పొలం మాదంటే నువ్వే నిలబడి చూసుకుంటానని రాసివ్వు. నాన్న పోయాక ఈ కప్పు కింద నిశ్చింతగా బతకాలని తప్ప నాకింకే ఆశా లేదు."

ఆర్విల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని నీళ్లు నమిలాడు. "పూచీ ఇవ్వాలంటే కొరీన్ సంతకం కావాలక్కా. మేం విడాకులు తీసుకోలేదు."

హవ్వ! ఏళ్ల తరబడి ఊరంతటికీ విడాకులైపోయాయని చెప్పుకు తిరిగాడు పెద్దమనిషి! ఆ రాష్ట్రంలో మొగుడి భూమిలో పెళ్లానికీ హక్కుంటుంది. దస్తావేజులో పేరు లేకపోయినా సరే, ఆమె సంతకం పెట్టి వదులుకుంటే తప్ప అది పోదు.

"వెళ్లి అడుగు మరి."

"నన్ను గుమ్మం తొక్కనివ్వదు. అయినా, తను వెళ్లిపోయింది నా వల్ల కాదుగా."

నాడీన్ కారు తాళాలు తీసుకుంది. కొరీన్‌ను ఆ ఇంట్లోంచి తరిమింది తన నోరే.

కొరీన్ పక్క ఊళ్లో చిన్న హోటల్ నడుపుతోంది. నాడీన్ వెళ్లేసరికి యాపిల్ పై అనే తీపి రొట్టె కోస్తోంది. విషయమంతా విని కత్తి పక్కన పెట్టింది.

"వదినా, ఆ రోజు వంటింట్లో 'ఈ ఇంట్లో నీకేం హక్కుందే?' అన్నావు. నిజమేననుకుని పెట్టె సర్దుకున్నాను. లేని హక్కు వదులుకోమని ఇంత దూరం వచ్చావా?"

"ఉంది," అంది నాడీన్. "అప్పుడూ ఉంది. కాగితం మాట అటుంచు, నువ్వు ఆ ఇంటి మనిషివి. వాడు నీ చుట్టూ తిరుగుతుంటే చూడలేక కుళ్లుతో అన్నాను. నా నోరు పడిపోనూ!"

కొరీన్ చేతులు తుడుచుకుని, ఎదురుగా బ్యాంకులో ఉన్న నోటరీ దగ్గరికి నడిచింది. నాడీన్ తెచ్చిన పూచీ దస్తావేజు మీద సంతకం పెట్టి, దాన్ని ఆమె చేతికిచ్చింది.

"ఈ మాట నీ నోటితో వినాలనుకున్నాను, అంతే. ఇక ఇల్లు నీదే వదినా."

ఆదివారం భోజనానికి రమ్మందామనుకుంది నాడీన్. ఎప్పుడూ ఆగని ఆ నోరు అప్పుడు మాత్రం పెగల్లేదు.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంది. ఇక ఎవరూ వచ్చి ఇది మాదనరు. అసలు ఎవరొస్తారు గనక?