పొగ తగిలిన ఆకుకూర

నిఖిల కైలాన్ ఆకుకూర కాడల నుంచి ఆకులు దూసి పళ్లెంలో వేస్తోంది. బయట ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. లేత కాడలు ఒక పక్కకి, ముదురువి ఒక పక్కకి నెడుతోంది. ముదురువి పారేయదు, రేపు పప్పులో వేస్తుంది.

వంటగది గుమ్మం దగ్గర ఆమె భర్త శ్రీనాథ్ ఐస్‌పెట్టెలో సామాను సర్దుకుంటున్నాడు. రాత్రే ఉప్పూ, బెల్లంపొడీ, మిరియాలూ, వెల్లుల్లీ పట్టించి పెట్టిన పందిపక్కటెముకలు, మసాలా డబ్బాలు, పొడుగాటి పటకారు.

"ఆకు అయిందా?"

"అయిపోవచ్చింది. ఈలోపు టీ తాగండి."

"అక్కడికెళ్లి తాగుతాలే. శశిగాడు అప్పుడే బొగ్గులు పోసేశాట్ట. వాడి చేతికి నిప్పు అప్పగిస్తే మాంసంతో పాటు మనల్నీ కాల్చి పెడతాడు."

నిఖిల నవ్వింది. ఆకుల సంచీ అతని చేతికిచ్చి, లిఫ్టు దాకా ఐస్‌పెట్టె ఒక చెవి పట్టుకుని వెళ్లింది.

శ్రీనాథ్‌కి ఈ బార్బెక్యూ పిచ్చి జురాంగ్ ఐలాండ్‌లో, పనిచేసే చోట అంటుకుంది. అతని ప్లాంటులో అమెరికా దక్షిణాది నుంచి, అలబామా నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. శ్రీనాథ్‌ని వెంటేసుకుని ఆదివారాలు మాంసం వండేవాడు. మంట మీద కాల్చేది బార్బెక్యూ కాదనేవాడు. సెగకి ఎడంగా పెట్టాలి, కట్టెపొగలో నానబెట్టాలి, మూత ఊరికే తెరిచి చూడకూడదు. పక్కన మొక్కజొన్న రొట్టె, కోల్‌స్లా అనే పచ్చి క్యాబేజీ సలాడ్, బంగాళదుంప సలాడ్, తియ్యటి బీన్స్, గిన్నెడు ఆకుకూర లేకపోతే అది విందు కాదు, ఉత్త మాంసం. ఆయన దేశం వెళ్లిపోతూ తన గుండ్రటి మూతపొయ్యిని శ్రీనాథ్‌కి ఇచ్చి పోయాడు. వాళ్లుండే ఆంగ్ మో కియో ఫ్లాటులో బొగ్గు రాజేసే వీల్లేదు కాబట్టి ఆ పొయ్యి బిషాన్‌లో, స్నేహితుడు శశికాంత్ వాళ్ల కాండో అపార్టుమెంట్ల స్విమ్మింగ్ పూల్ పక్కన ఉంటుంది. పొయ్యి పని అక్కడ, భోజనం ఇక్కడ. నెలకో ఆదివారం ఇదే వరస.

నిఖిల మాంసం తినదు. పుట్టుకతో కాదు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో, కోడి కోస్తే కాలిముక్క ఆమెకి దాచకపోతే ఇంట్లో పెద్ద రభస. పదో తరగతిలో ఉండగా చెల్లెలు సుస్మితకి మూర్ఛలు పట్టుకున్నాయి. ఒంగోలు ఆస్పత్రి వరండాలో కూర్చుని నిఖిల ఎవరికీ చెప్పకుండా మొక్కుకుంది. దీనికి తగ్గితే నేను బతికున్నన్నాళ్లూ నీచు ముట్టను సామీ, అని. తగ్గింది. ఆ రోజు నుంచి ముట్టలేదు.

పెళ్లిచూపుల్లోనే శ్రీనాథ్‌కి ఈ సంగతి చెప్పింది. "నాకేం ఇబ్బంది లేదు. నా కంచం నాది, నీ కంచం నీది," అన్నాడతను. అన్నట్టే ఉన్నాడు. ఆమె గిన్నెలు వేరు, గరిటెలు వేరు. మొక్కజొన్న రొట్టెలో గుడ్డు బదులు పెరుగు వేసుకుంటానంటే, ఎలా వేస్తే పొంగుతుందో అతనే నాలుగుసార్లు చేసి చూశాడు. బీన్స్ గిన్నె బల్ల మీద పెట్టినప్పుడల్లా, "అది నీక్కాదు నిఖిలా, అందులో ముక్కలున్నాయి," అని గుర్తు చేసేవాడు. అందుకే ఆకుకూర గురించి ఆమెకి ఏనాడూ అనుమానం కలగలేదు.

ఆ ఆకుకూరంటే ఆమెకి ప్రాణం. అమెరికాలో వాడే ఆకు ఇక్కడ దొరకదు. పాలకూర వేస్తే గుజ్జయిపోయింది, కంకుంగ్ అనే ఇక్కడి తూటికూర వేస్తే జిగురొచ్చింది, చివరికి కైలాన్ కుదిరింది. ఉల్లిపాయ, ఎండుమిరప పలుకులు, కాస్త వెనిగర్ పడి, గంటలకొద్దీ మగ్గి మగ్గి నల్లబడిన ఆకు. అడుగున నిలిచే పులుపూ కారమూ కలిసిన రసం. అందులో మొక్కజొన్న రొట్టె ముంచుకుంటుంటే, ఇంటి దగ్గర జొన్నరొట్టె తుంచి గోంగూర పులుసులో అద్దుకున్నట్టే ఉండేది. మొదట్లో ఎందుకో చప్పగా ఉండేది. ఒక ఆదివారం ఉన్నట్టుండి రుచి తిరిగింది. ఆ రోజు రెండోసారి, మూడోసారి వడ్డించుకుని, "ఈ దేశం వచ్చాక కడుపునిండా తినింది ఇయ్యాలే," అంది. తర్వాత ఒకసారి మాత్రం వేళ్లు వాసన చూసుకుని అడిగింది.

"ఏందండీ, ఇందులో నీచు వాసనొస్తంది?"

"పొగ వాసన పిచ్చిదానా. పక్కన మాంసం మగ్గుతుంటే ఆ పొగ దీనికీ తగుల్తుంది. పొగ కూడా తగలకూడదని మొక్కుకున్నావా ఏంటి?"

ఆమె నవ్వేసి తినేసింది.

ఈ మధ్య సుస్మితకి మళ్లీ మూర్ఛలు మొదలయ్యాయి. అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పిన రోజు నుంచి నిఖిల మనసు మనసులో లేదు. ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కుంటోంది. వీధి చివర తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో తిన్న నూడుల్స్ మీద అనుమానపడి మానేసింది. బిస్కెట్ పొట్లాల వెనకాల రాసింది చదువుతూ కూర్చుంటోంది. శశికాంత్ భార్య కాత్యాయని ఒక్కతి దగ్గరే ఈ గోడు వెళ్లబోసుకుంది. ఈ ఊళ్లో ఆమెకి అక్క లాంటి మనిషి కాత్యాయనే. "నీ వల్ల కాదులే అమ్మాయ్, నువ్వు నిప్పులా ఉన్నావు," అంటూ కాత్యాయని ఆమె వీపు నిమిరింది.

ఇల్లు సర్దుకుని, క్యాబేజీ తరిగి, దుంపలు ఉడకేసి నిఖిల చూసుకునేసరికి వెనిగర్ సీసా గట్టు మీదే ఉంది. అది పడకపోతే ఆకుకూరకి రుచి రాదు. ఫోన్ చేస్తే శ్రీనాథ్ తీయలేదు. బిషాన్ రైల్లో ఒక్క స్టేషనే. పొయ్యి కట్టేసి, సీసా సంచీలో వేసుకుని బయల్దేరింది.

కాండో గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ ఆమెని గుర్తుపట్టి లోపలికి పొమ్మన్నాడు. పూల్ పక్కన మొక్కలు వరసగా, మనిషెత్తు పెరిగి ఉన్నాయి. వాటి అవతల పొగ లేస్తోంది. ఆ వాసనకి ఆమె నోట్లో నీళ్లూరాయి. చెప్పులు చప్పుడు కాకుండా నడవడం ఆమె చిన్నప్పటి అలవాటు.

"ఇంక తీసెయ్ మామా ఆ ఎముకలు," శశికాంత్ గొంతు. "నిఖిల చూసిందంటే నిన్ను కూడా ఈ పొయ్యిలోనే పెడుద్ది."

"ఇంకో అరగంట ఉండనీరా. పందికాలి ఎముకలో ఉన్నదంతా దిగాలి. లేకపోతే తను అంత ఇష్టంగా తినదు."

"పాపం రా. ఎన్నాళ్లిట్టా?"

"పాపమేముంది?" ఈసారి కాత్యాయని గొంతు. "కమ్మగా తింటోందిగా. ఎముకలు తీసేసి వడకట్టావంటే వెజ్జే. ఆ మాటకొస్తే మన గ్రూపులో అందరికంటే ఎక్కువ బార్బెక్యూ తినేది మన పతివ్రతే!"

ముగ్గురూ నవ్వారు. శ్రీనాథ్ నవ్వు కూడా అందులో ఉంది. కొంచెం ఆలస్యంగా వచ్చింది గానీ వచ్చింది.

మొక్కల సందులోంచి ఆమెకి గిన్నె కనపడుతోంది. శ్రీనాథ్ పటకారుతో లోపల కదిపాడు. తెల్లటి ఎముక ఒకటి ఆకుల మధ్య పైకి తేలి మళ్లీ మునిగింది. పొద్దున ఆమె దూసిన ఆకులే.

నిఖిల వెనక్కి వచ్చింది. వెనిగర్ సీసా సెక్యూరిటీ అంకుల్ బల్ల మీద పెట్టి, శ్రీనాథ్‌కి ఇమ్మని చెప్పింది. ఇంటికి చేరాక రొట్టె పిండి కలిపింది. దుంపలు చిదిమింది. ఏం చేయాలో తెలియనప్పుడు చేతికి అలవాటైన పనే చేసింది.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. శ్రీనాథ్ మాంసాన్ని రేకులోనూ తువ్వాల్లోనూ చుట్టి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చాడు.

"వెనిగర్ ఇచ్చి లోపలికి రాకుండా పోయావేం?" అడిగాడు ఆమె మొహంలోకి చూస్తూ.

"పొయ్యి మీద దుంపలున్నాయి."

అతను తేలిగ్గా ఊపిరి వదిలాడు. అది కూడా ఆమె చూసింది.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. శశికాంత్ పక్కటెముక పట్టుకుని లాగితే మాంసం దానంతటదే ఊడొచ్చింది. "మామా, ఉద్యోగం మానెయ్. హాకర్ సెంటర్లో దుకాణం పెట్టు. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటా," అన్నాడు.

"నువ్వు కూర్చుంటే అమ్మడానికి ఏం మిగుల్తుంది?" అంది కాత్యాయని. అంటూనే ఆకుకూర గిన్నె దగ్గరికి లాక్కుని నిఖిల కంచంలో రెండు గరిటెలు వేసింది. "తిను అమ్మాయ్. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు."

నిఖిల రొట్టె తుంచింది. ముంచలేదు.

"కాత్యాయనక్కా, ఇందులో ఏమేశారు?"

"నన్నడుగుతావేందే? ఆకు, ఉల్లిపాయ, నీ వెనిగరు."

"అంతేనా?"

"అంతే. ఏం, ఉప్పెక్కువైందా?"

నిఖిల ఆమె వైపు చూసింది. వీపు నిమిరిన చెయ్యి గరిటె పట్టుకునే ఉంది. అప్పుడు భర్త వైపు తిరిగింది.

"మీరు చెప్పండి."

శ్రీనాథ్ నములుతున్నవాడల్లా ఆగిపోయాడు. శశికాంత్ ఎముకని మెల్లగా కంచంలో పెట్టాడు.

"నిఖిలా..."

"నేను పూల్ దగ్గరికి వచ్చా. మొక్కల ఇవతల నిలబడ్డా."

కాత్యాయని ముందు తేరుకుంది. "అయ్యో, అది ఊరికే జోక్ చేసుకున్నాం..."

"నువ్వాగక్కా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచకపోవడంతో కాత్యాయని నిజంగానే ఆగిపోయింది.

"మొదటిసారి కావాలని చెయ్యలేదు," అన్నాడు శ్రీనాథ్. "నీ గిన్నె విడిగానే పెట్టా. తెచ్చేటప్పుడు మారిపోయింది. నేను చూసుకునేసరికి నువ్వు మూడోసారి వడ్డించుకుంటున్నావు. ఈ దేశం వచ్చాక కడుపునిండా తినింది ఇవాళేనన్నావు. ఆ మాటన్నాక ఎట్టా చెప్పను?"

"ఆ రోజు చెప్పలేకపోయారు. సరే. తర్వాత నెల?"

అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నీచు వాసనొస్తందని నేనే అడిగాగా. నా నాలుకకి తెలిసిందండీ. చిన్నప్పుడు తిన్నదాన్ని, నాకు తెలవదా? మీరు పొగన్నారు. మీ మాట నమ్మి, నా నాలుకదే తప్పనుకున్నా."

"నీకు ఇష్టమని చేశాను. ఒట్టు, అంతకుమించి ఇంకేం లేదు."

"సుస్మితకి మళ్లీ వచ్చాయని తెలిశాక కూడానా?"

"అది వేరే సంగతి నిఖిలా! మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదని డాక్టరే చెప్పాడుగా. ఇక్కడ నువ్వు ఆకుకూర తింటే అక్కడ దానికి ఫిట్స్ ఎట్టా వస్తాయి? నువ్వు చదువుకున్నదానివి. కొంచెం లాజికల్‌గా ఆలోచించు."

"సంబంధం లేదేమో. నాకూ తెలుసేమో. కానీ అది నేను తేల్చుకోవాల్సింది. రోజూ బిస్కెట్ పొట్లాలు తిరగేస్తుంటే చూశారు మీరు. నూడుల్స్ మానేస్తే చూశారు. పక్కనే కూర్చుని చూశారు. అప్పుడన్నా చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వింకా బాధపడతావని..."

"వీళ్లకి చెప్పారుగా. వీళ్లు బాధపడలేదు."

శశికాంత్ తల వంచుకున్నాడు. కాత్యాయని కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

శ్రీనాథ్ లేచి నిఖిల కంచం తీసుకెళ్లాడు. ఆకుకూర సింకులో పారబోసి, వేరే కంచం కడిగి తెచ్చాడు. అతని చేతులకి ఇంకా బొగ్గు మసి ఉంది. దుంపల సలాడ్ వేశాడు, కోల్‌స్లా వేశాడు, రొట్టెముక్క పెట్టాడు.

"ముందు ఏదన్నా తిను. తర్వాత నన్ను ఏమన్నా అను. ఇందులో ఏం లేదు, చూడు. నేనసలు చెయ్యే పెట్టలేదు."

అందులో ఏం లేదని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. ఆ క్యాబేజీ తరిగింది ఆమె. ఆవాలు నూరింది ఆమె. రొట్టెలో పెరుగు కలిపిందీ ఆమే. ఆకలిగా కూడా ఉంది. పొద్దున్నుంచీ టీ తప్ప ఏమీ ముట్టలేదు. చెయ్యి కంచం దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. తను వండిన తిండే ఎవరో దారిన పోయేవాళ్లు పెట్టినట్టుంది. ముద్ద ఎత్తుదామనుకుంది. వేళ్లు కదల్లేదు.

"తిను నిఖిలా," అన్నాడు శ్రీనాథ్.

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. సింకు దగ్గర చేతులు కడుక్కుంది. ముద్ద ముట్టని చేతుల్ని మణికట్ల దాకా సబ్బు పెట్టి రుద్ది కడిగింది. పక్కనున్న గుడ్డకి తుడుచుకోకుండా చీరకొంగుకి తుడుచుకుంది. మేకుకి తగిలించిన చేతిసంచీ అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు శ్రీనాథ్. "నిఖిలా, ఎక్కడికో చెప్పు. నేనూ వస్తా."

గుమ్మం బయట ఆమె వంగి చెప్పులు తొడుక్కుంది. ఇనప గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, కారిడార్ వెంట లిఫ్టు వైపు వెళ్లిపోయింది.