అద్దె సాయం ఆఫీసు గుమ్మంలో

మెట్ల మీద నుంచి సామాను దొర్లుతున్న చప్పుడుకి గుండీలామె తలుపు సందులోంచి చూసింది. కింది గది పెయింటర్ మంచం, బొంతలు, పొయ్యి వీధిలోకి పోతున్నాయి. మంచం కోడు వదలకుండా పెయింటర్ భార్య కూడా దానితోపాటే ఈడ్చుకుపోతోంది. రంగుల పొడి ఊపిరితిత్తుల్లో చేరి పని మానేసిన మనిషి పెయింటర్. గోడకానుకుని దగ్గుతున్నాడు. ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం ఆపేశారు. అద్దె కట్టలేదని ఇంటాయన మనుషుల్ని పంపాడు. భవనంలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గుండీలామె కూడా చప్పుడు కాకుండా గడియ పెట్టుకుంది.

ఫ్యాక్టరీ చొక్కాలకు ఇంట్లో గుండీలు కుడుతుంది కాబట్టి ఆమెకా పేరు. మొగుడు పోయాక అద్దె సాయంతోనే కూతురితో నెట్టుకొస్తోంది. పరంజా మీంచి పడి కాలు విరిగిన తమ్ముడు ఈమధ్యే వచ్చి చేరాడు. తనిఖీకొచ్చిన ఉద్యోగి మంచం మీద మగమనిషిని చూశాడు గానీ కాలి కట్టు చూడలేదు. సంపాదించే మగాడున్నాడని రాసుకుపోయాడు. ఆమె సాయమూ ఆగిపోయింది.

"నేను పోతాలే అక్కా."

"కాలు విరిగినోడివి ఎక్కడికి పోతావు? నోరు మూసుకుని పడుకో."

సాయంత్రం, ఆ భవనంలోనే ఉంటూ హాస్టల్లో వండే వంటామె అద్దెకున్నవాళ్లందరినీ డాబా మీదికి పిలిచింది.

"విచారణ అడిగే హక్కుంది మనకి. మన గుండీలామె అడుగుతుంది, పెయింటర్ అన్నకీ అడుగుతుంది. వెనకాల అందరం ఉందాం."

ఆటో డ్రైవర్ తల గోక్కున్నాడు. "మా అమ్మ నా దగ్గరుంటున్నట్టు ఆఫీసులో చెప్పలేదు. నీ వెంట వస్తే నా గది తనిఖీ చెయ్యరా?"

"చేస్తారు. రాకపోయినా చేస్తారు. పెయింటర్ ఎవడితో కొట్లాడాడని అతని సాయం ఆపారు?"

అందరూ గుండీలామె వైపు తిరిగారు.

"ఆఫీసంటేనే నాకు భయం వదినా."

"నాకు మాత్రం లేదా భయం? కలిసే భయపడదాం, పద."

విచారణ రోజున పదిమంది దాకా వచ్చారు. ఆటో డ్రైవర్ మాత్రం వాళ్లెవరో తనకి తెలియనట్టు గేటు బయటే నిలబడ్డాడు. బంట్రోతు గుండీలామెనొక్కదాన్నే లోపలికి పంపాడు.

ఆఫీసరు మెత్తగా మాట్లాడాడు. "పొరపాటు జరిగిందమ్మా. నీ సాయం ఇవాళే పునరుద్ధరిస్తా."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్క సంతకం పెట్టు. వంటామె బెదిరించి మిమ్మల్ని తీసుకొచ్చిందని."

కలం చేతిలో పెట్టాడు.

"మరి పెయింటర్ అన్న సంగతండీ?"

"నీ సంగతి చూసుకో. పెట్టలేదనుకో, ప్రభుత్వాన్ని మోసం చేశారని నీ మీదా నీ తమ్ముడి మీదా కేసు."

విరిగిన కాలితో తమ్ముడు పోలీసు జీపెక్కడం, కూతురు ఒక్కతే గుమ్మంలో నిలబడటం ఆమె కళ్ల ముందు ఆడాయి. అయినా కలం బల్ల మీద పెట్టేసింది.

"ఆమె బెదిరించలేదండీ," అంది. తన మాట తనకే సరిగ్గా వినపడలేదు.

బయటికి రాబోతుంటే కాళ్లు పట్టు తప్పాయి. ఆఫీసు గుమ్మంలోనే కూలబడింది.

వంటామె చూసింది. "కూర్చుంది. కూర్చోండర్రా," అని తనూ పక్కన చతికిలబడింది. తక్కినవాళ్లూ కూర్చున్నారు. దారి మూసుకుపోయింది.

"లేవండి," అన్నాడు ఆఫీసరు వెనకనుంచి. గొంతులో మెత్తదనం పోయింది.

"ఆపిన సాయాలన్నీ ఇచ్చాక లేస్తాం," అంది వంటామె.

ఆఫీసరు ఫోన్ చేసిన కాసేపటికే పోలీసు వ్యాను గేటులోకి వచ్చింది. గుండీలామె వంటామె చెవిలో గొణిగింది. "వదినా, నేను కావాలని కూర్చోలేదు. కాళ్లు నిలవక పడ్డాను."

వంటామె నవ్వాపుకుంది. "ఇప్పుడు నిలుస్తాయా?"

గుండీలామె కాలివేళ్లు కదిపి చూసుకుంది. "నిలుస్తాయి."

"లేస్తావా మరి?"

జవాబు చెప్పేలోపే పోలీసులు వంటామెను రెక్కలు పట్టి లాక్కుపోయారు. ఆ ఖాళీలోకి ఎవరో ధబ్బున వచ్చి కూర్చున్నారు. ఆటో డ్రైవర్. ముఖం పాలిపోయి ఉంది.

"మా అమ్మ సంగతి కూడా చెప్పేద్దాం," అన్నాడు.

పోలీసు గుండీలామె ముందు నిలబడ్డాడు. "నువ్వు లేచి ఇంటికి పోమ్మా. నీకెందుకిదంతా?"

ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. "లేవను," అంది.

అతను చెయ్యి పట్టి గుంజాడు. వెనకనుంచి ఎవరివో చేతులు ఆమె నడుమును చుట్టేశాయి, వాటి మీద ఇంకెవరివో చేతులు. ఆమె కదల్లేదు.